బ్రేకు మీద కాలు

జూన్ 7, శనివారం

క్లాసులు మొదలయ్యాయి. చర్చి ఫాదర్ గారి నెత్తిన ఇప్పుడు మూడు గుళ్లు. మా గుడికి రెండు వారాలకోసారి వస్తారు. మిగతా రోజుల్లో రోగుల్ని చూడటం, కష్టంలో ఉన్నవాళ్ల మాట వినడం, ప్రార్థన నడిపించడం మాలాంటి గృహస్థులే చేయాలట. నేర్పడానికి ఒక సిస్టర్ వచ్చారు. మనిషి పిడికెడు, కళ్లు మాత్రం ఎక్స్‌రే.

నేను ఎగిరి గంతేసి పేరిచ్చాను. ఊరందరికీ ఉచిత సలహాలిచ్చేదాన్ని, నాకిది కొట్టిన పిండి. మా ఆయన అక్క, అంటే మా వదిన, నీకెందుకే ట్రైనింగ్, పుట్టుకతోనే అయిపోయి వచ్చావు కదా అంది. ఆవిణ్ని కూడా లాక్కుపోయాను. ఆవిడ భర్త, నేను అన్నయ్య అని పిలిచే ఆయన, పోయి ఏడాదైంది. ఇంట్లో ఒక్కతే గోడలు చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. గుడిలో పాటల గుంపును నడిపించేది ఆవిడే, ఎలాగూ పనికొస్తుంది.

జూన్ 10

నేను కారు నేర్పే డ్రైవింగ్ స్కూల్లో కొత్త స్టూడెంట్, బ్యాంకులో పనిచేసే అమ్మాయి. సైకిల్ కనబడగానే స్టీరింగ్ వదిలేసి కళ్లు మూసుకుంది. నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ డైరీ ఇక్కడితో సరి.

జూన్ 14, శనివారం

ప్రాక్టీసు. ముగ్గురేసి కూర్చోవాలి. ఒకరు ఏదో కష్టం కల్పించి చెప్పాలి, ఒకరు వినాలి, ఒకరు గమనించాలి. వినేవాళ్లు సలహా ఇవ్వకూడదట! మరేం చేయాలి, మొహం చూస్తూ కూర్చోవాలా?

వినేది నేను, గమనించేది మందుల షాపాయన. వదిన చెప్పడం మొదలుపెట్టింది. భర్త పోయిన దగ్గర్నుంచి ప్రార్థన రావట్లేదట. గుడికి వస్తోందట గానీ, ఎవరూ లేని ఇంటి తలుపు కొడుతున్నట్టు ఉందట. పాటకు పెదాలు మాత్రం కదుపుతోందట. ఎంత బాగా చేసిందో! నేను వెంటనే అందుకున్నాను. పొద్దున్నే జపమాల చెప్పుకో, రక్తపరీక్ష చేయించుకో, పక్కింటావిడతో వాకింగ్‌కి వెళ్లు అన్నాను. మందుల షాపాయన బి-కాంప్లెక్స్ కూడా కలిపాడు. అందరూ పడీపడీ నవ్వారు. వదిన నటనకు చప్పట్లు కొట్టారు. వదిన కూడా నవ్వింది.

సిస్టర్ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, నువ్వు కారు నేర్పుతావట కదమ్మా, ఇక్కడ కూడా నీ కాలు బ్రేకు మీదే ఉంది అన్నారు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 15, ఆదివారం

ఇవాళ పూజ పాటల్లో వదిన పక్కన నిలబడ్డాను. చేత్తో తాళం చూపిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ఏమిటో అనుమానం వచ్చి చెవి దగ్గరగా పెట్టాను.

గొంతు లేదు.

అదే రోజు, సాయంత్రం

అది నటన కాదు. మనిషి తన ప్రాణం తీసి అరచేతిలో పెట్టి చూపిస్తే, మేం విటమిన్ మాత్ర మింగమన్నాం.

ఉండబట్టలేక వదిన ఇంటికి పరిగెత్తాను. కాఫీ ఇచ్చింది. అంతా కల్పించిందేనంది. కాదని నేను వాదనకు దిగాను. చూడండి నా బుద్ధి! ఆవిడ కప్పులు తీసేసి, ఇక క్లాసుకు రానంది. పాటల గుంపును కూడా వేరేవాళ్లకు అప్పగించమని ఫాదర్‌కి చెబుతుందట. అన్నయ్య లేడు. ఈ గుడి కూడా వదిలేస్తే ఆవిడ ఆదివారం పొద్దున ఎక్కడికి వెళ్తుంది? దీనికంతటికీ నా నోరే కారణం.

జూన్ 17

వదిన ఫోన్ ఎత్తలేదు.

జూన్ 21, శనివారం

వదిన రాలేదు. సిస్టర్ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. వదినకేం చెప్పమంటారు అని అడిగాను. ఏమీ చెప్పకు, వెళ్లి కూర్చో అన్నారు.

ఇవాళ్టి పాఠం గుట్టు గురించి. ఒకరు మనసు విప్పి చెప్పింది మొగుడికి చెప్పకూడదు, ఎక్కడా రాసుకోకూడదు. డైరీలో కూడానా అన్నాను. డైరీలో కూడా అన్నారు. నాది ఎవరూ చదవరండీ అన్నాను. నువ్వు చదువుతావుగా అన్నారు. ఈవిడతో గెలవడం నా వల్ల కాదు. అయినా ముద్దొస్తారు.

జూన్ 24

బ్యాంకు అమ్మాయికి మళ్లీ సైకిల్ అడ్డొచ్చింది. నా కాలు బ్రేకు దాకా పోయి ఆగింది. అమ్మాయే మెల్లగా ఆపింది. చెమటలు మాత్రం నాకు పట్టాయి.

జూన్ 25

వదిన ఇంటికి వెళ్లాను. బీన్స్ తరుగుతోంది. నేనూ ఒక కత్తి తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. నా నాలుక దురద ఆ దేవుడికే తెలియాలి. జపమాల అన్న మాట పళ్ల దాకా వచ్చింది, మింగేశాను. వాకింగ్ కూడా వచ్చింది, దాన్నీ మింగేశాను. బీన్స్ అయిపోతే క్యారెట్ తెచ్చింది. ఒక్క మనిషికి అంత కూర ఎందుకని కూడా అడగలేదు.

అప్పుడు వదిన మాట్లాడింది. చీకటి పడేదాకా మాట్లాడింది.

జూన్ 26

నిన్న ఏం చెప్పిందో రాద్దామని పెన్ను తీశాను. మూత పెట్టేశాను.

జూన్ 29, ఆదివారం

పూజలో రెండో పాటకు ఒక గొంతు శ్రుతి తప్పింది. బొంగురుగా, వణుకుతూ, చివరిదాకా పాడింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఎవరి గొంతో రాయను.