పదికి రెండు జవాబులు

మార్కాపురం,
శుక్రవారం.

ఉమక్కకు నాగులు నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. అక్కడ నువ్వు, బావ, పిల్లలు, అందరికంటే ముందు మీ బత్తాయి చెట్లు బాగుండాలి. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బావ జేబులోనే. నేను చేస్తే ఎత్తడు. అందుకే ఈ ఉత్తరం బేస్తవారిపేట బస్సు నడిపే ఆదెయ్య మామ చేతికిస్తున్నాను. సోమవారం చెట్లు కొట్టడానికి కూలీలను పిలిచారని రాశావు. వద్దని చెప్పు. మీ బోరులో నీళ్లున్నాయి. తోటకు సరిపోతాయి.

వేళకు తింటున్నావా అని అడిగావు, తింటున్నాను. బోర్ల సర్వే పని కుదురుగానే ఉంది. నోరు తగ్గించుకున్నావా అన్నావు. లేదు. అందుకే ఇంత దూరం వచ్చింది.

ఆ రోజు మీ బోరు నడిపించి, నీటిమట్టం ఎంత దిగిందో కొలిచింది నేనే. కొలతల్లో తప్పు లేదు. గట్టు మీదే ఫోనులో లెక్క కట్టి, "సగం నీళ్లు కూడా రావు, కొట్టేసి కంది వేసుకో" అని బావ మొహం మీదే అనేశాను. ఆ మొక్కలకు గుంతలు తీసింది బావా నేనూ కలిసే అని కూడా చూడలేదు.

నిన్న మా ఆఫీసులో కావ్యక్క, నా కొలతలే తీసుకుని మీ బోరు నీళ్లు తోటకు సరిపోతాయని రిపోర్టు రాసింది. నాకు ఒళ్లు మండింది.

"ఏందక్కా ఇది? రేపు ఎండలకు బోరు ఎండితే నువ్వొచ్చి నీళ్లు పోస్తావా?"

"అరవబాక. ఫోను తియ్యి. పదికి లాగ్ నొక్కు."

"ఒకటి."

"ఇప్పుడు ఎల్ఎన్ నొక్కు."

"రెండు పాయింట్ మూడు సున్నా మూడు, దగ్గర దగ్గర."

"మరి నువ్వు ఎల్ఎన్ నొక్కినాక, మళ్లా 2.303తో ఎందుకు గుణించినావు?"

నేను నేర్చుకున్నది పాత లాగ్ పట్టికల పుస్తకంలో. అందులో ఉన్నవన్నీ పది ఆధారంగా వేసిన సాధారణ లాగులే. సహజ లాగ్ కావాలంటే 2.303తో గుణించాలి, వెనక్కి రావాలంటే దానితోనే భాగించాలి. చెయ్యి అలా అలవాటుపడింది. ఫోనులో ఎల్ఎన్ నొక్కితే వచ్చేదే సహజ లాగ్. మార్చి ఇచ్చినదాన్ని నేను మళ్లీ మార్చాను. నీళ్లెన్ని వస్తాయో చెప్పే సూత్రంలో ఆ సహజ లాగ్‌తోనే భాగించాలి కదా, అది రెండింతలు దాటేసరికి నీళ్లు సగానికి పడిపోయాయి. భూమిలో కాదక్కా, నా ఫోనులో.

తప్పు నాదని తెలిసి నాకింత హాయిగా ఎప్పుడూ లేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈ ముక్క బావకు చదవొద్దు.

ఆదివారం వస్తాను. బావ ఎంత తిట్టినా పడతాను. ముందు మోటారు వేసి చెట్లకు నీళ్లు వదలమను. రోడ్డు మీదికి ఆ చప్పుడు వినిపిస్తే లోపలికి రమ్మన్నట్టే అనుకుంటాను.

ఇట్లు,
నోరు తప్ప చెడ్డవాడు కాని నీ తమ్ముడు,
నాగులు