తోలు వాషరు

సన్నీబ్యాంక్,
జులై

మంగళక్కకి,

దక్షిణ బ్రిస్బేన్ గరాజీ సంస్థానం నుంచి సమస్త బంధుజనులకూ తెలియజేయడమేమనగా: నేటి నుంచి మా ఇంట కొబ్బరినూనె తలకి మాత్రమే రాయవలెను, తుపాకీకి రాయరాదు. మీరినవారికి మూడు పూటలా నా చేతి ఉప్మా వడ్డించబడును. ఇది ఇంటరు తప్పిన ఫోర్కులిఫ్టు డ్రైవరు జనార్దనరావు స్వహస్తాలతో రాసిన శాసనం.

నవ్వావా? నవ్వవులే. ఫోనులో వెనక నుంచి బావ గొంతు వినపడితే ఆ రోజంతా అన్నం దిగదన్నావు కనక ఉత్తరం రాస్తున్నాను.

సంగతి మన రిషిగాడి పాత గాలి తుపాకీ, ఆ బీబీ గన్ గురించి. నీ కొడుకు పన్నెండేళ్ళప్పుడు షూటింగ్ క్లబ్బులో నా పక్కన నిలబడి రేకు డబ్బాలు కొట్టేవాడే, అదే. నా లైసెన్సు మీదే ఉంది, ఉక్కు గుళ్ళు మాత్రం బావకి అందనివ్వను, కంగారు పడకు. పోయిన దసరాకి ఆయుధపూజ అన్నాడు బావ. నేను కత్తిపీటా, కారు తాళాలూ తెచ్చిపెట్టాను. "ఇంట్లో తుపాకీ ఉంచుకుని కత్తిపీటకి బొట్టు పెడతావట్రా, వెధవా" అని తిట్టి గన్ తీయించాడు. పసుపూ కుంకం పెట్టి ఊరుకున్నాడా, కన్నం కనపడ్డ చోటల్లా కొబ్బరినూనె పోశాడు. ఈ జులై చలికాలానికి ఆ నూనె లోపల పేరుకుని మైనంలా బిగిసింది. మొన్న బలంగా లీవరు లాగేసరికి గాలి పట్టే తోలు వాషరు చిరిగింది, ముసలి స్ప్రింగు విరిగింది.

ఇప్పుడు పొద్దస్తమానం గరాజీలో అదే పని. "రిషి యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి బాగుచేసి వాడి చేతిలో పెట్టాలిరా" అంటాడు.

వాడు పోయి రెండేళ్ళు దాటింది. హైవే మీద ఆ లారీ సంగతి నువ్వు ఆయనకి ఎన్ని పొద్దులు చెప్పావో నేను చూశాను. ఆ మతిమరుపు జబ్బులో విన్న ప్రతిసారీ ఆయనకి అదే మొదటిసారి. చెప్పే నీకు మాత్రం కాదు. అందుకే నువ్వు బావని నాకొదిలి, విమానమెక్కి ద పాండ్స్‌లో కూతురింటికి వెళ్ళిపోయినప్పుడు జనం నోళ్ళు నొక్కుకున్నా నేను ఒక్క మాట అనలేదు.

నేను వేరే దారి పట్టాను. గన్ తయారయ్యేదాకా ఆయన "వాణ్ణి పిలవరా" అనడు. కనక అది తయారు కాకూడదు. పోస్టులో వచ్చిన కొత్త వాషరు నా సాక్సుల సొరుగులో దాచేశాను. "ఇంకా రాలేదు బావా, ఆ కొట్టువాళ్ళకి ఒళ్ళు బద్ధకం" అన్నాను. బదులుగా సైకిలు పంపు వాషరు ఇచ్చాను, కావాలనే చిన్నది. నీ పెళ్ళిలో పెళ్ళికొడుకు చెప్పుల్లో చింతపండు కుక్కిన చెయ్యి కదా ఇది.

బావ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "సైకిలు పంపుదిరా ఇది. నీ బుర్రలాగే, చుట్టూ ఖాళీ."

పొద్దున్న తిన్న ఇడ్లీ గుర్తులేదు, ఇది మాత్రం తెలిసింది. నా తోలు బెల్టు కొస కోసి, నూనెలో నానబెట్టి, గొట్టానికి సరిపోయేలా వాషరు చెక్కుతున్నాడు. కొత్త స్ప్రింగు పార్శిలు ఆయన చేతికే అందింది, దాచడానికి కుదర్లేదు. నాకు భయంగా ఉందక్కా.

బెల్టు లేక ప్యాంటు పట్టుకు తిరుగుతున్న నీ తమ్ముడు,
జనార్దనం

*

సన్నీబ్యాంక్,
ఆగస్టు

అక్కా,

గన్ పూర్తయింది. ఆదివారం బావని క్లబ్బుకి తీసుకెళ్ళాను. అక్కడ కాల్పుల రేంజి చూసుకునే ఫిజీ తెలుగాయన దేవనారాయణ్ అంకుల్ దగ్గరుండి గుళ్ళు నింపి, బావతో "భుజానికి గట్టిగా ఆనించు, ద్వారకా భాయ్" అన్నాడు. మొదటి దెబ్బకే డబ్బా ఎగిరిపడింది.

బావ గన్ దించాడు. తర్వాత నెమ్మదిగా, "వాడు లేడని నాకు తెలుసురా. ఇంక అడగనని మంగళకి చెప్పు" అన్నాడు. ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నాడు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. రాగలిగితే రా.

నీ జనార్దనం

*

సన్నీబ్యాంక్,
ఆగస్టు

అక్కా,

నువ్వు విమానం టిక్కెట్టు తీసుకున్నావని వైశాలి మెసేజి పెట్టింది. అమ్మ బట్టలు సర్దుకుంటూ పాట కూడా పాడిందని రాసింది నీ కూతురు. అది చదివాను. అందుకే ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను, బయల్దేరే ముందే చదువు.

డబ్బా ఎగిరిపడిన మాట నిజం. ఆ వెంటనే బావ వెనక్కి తిరిగి, "రిషీ, చూశావా" అని కేకేశాడు. బెంచీల మీది వాళ్ళంతా చూశారు. "వాడేడిరా? వాణ్ణి పిలు." "వాడు పోయాడు బావా" అన్నాను. నా నోటితో ఆయనకి చెప్పడం అదే మొదలు. దేవనారాయణ్ అంకుల్ చప్పున బావ చేతిలోంచి గన్ అందుకున్నాడు, లేకపోతే ఆయన దాని మీదే పడేవాడు. కంకర మీద కూలబడి నా కాలు పట్టుకున్నాడు.

"మంగళకి తెలుసా?" అన్నాడు. "తెలిస్తే తట్టుకోలేదురా. దానికి ఎలా చెబుతాం?"

దారి పొడుగునా అదే ప్రశ్న. నువ్వు రెండేళ్ళుగా దేన్ని మోశావో నాకు ఆ కారులో తెలిసింది. మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు గన్ విప్పి వాషరు తీసి పారేశాను. ఆయన బయటికొచ్చి తల తుడుచుకుంటూ, "ఏరా, వాషరు వచ్చిందా" అని అడిగాడు. ఏడుపు మచ్చయినా లేదు మొహంలో. ఇప్పుడు రెండో బెల్టు కోస్తున్నాడు.

కనక నువ్వు వచ్చి ఆయన ఎదుట నిలబడగానే "రిషి ఏడి మంగళా" అనే అడుగుతాడు. తెలిసి వస్తే రా. టిక్కెట్టు రద్దు చేసుకున్నా నేను నిన్ను ఏమీ అనను. నేను ఒక్కణ్ణీ మాత్రం మొయ్యలేకపోతున్నాను, అందుకే కిందటి ఉత్తరం అలా రాశాను. "వాడు లేడని నాకు తెలుసురా" అని బావ అనలేదక్కా. ఆ మాట మొదటి నుంచి చివరిదాకా నేను అల్లింది.

తమ్ముడు,
జనార్దనం