బావకి నాలుగు తీగలు

బావా,

నువ్వు తిప్పి పంపిన సంగీతం కాగితాలు అందాయి. వెనక రాసిన మాటా చదివాను. "వేలు పెట్టకుండా ఉత్త తీగల మీద కమాను లాగడం, చెల్లో పట్టిన మొదటి రోజు నేర్పే పాఠం. నా మీద జాలిపడి సంగీతం రాయకు" అన్నావు.

నీకోసం రాసిన మాట నిజమే. తీగలు నొక్కే నీ ఎడమ చేతి వేళ్లు మాట వినడం మానేశాకే మొదలుపెట్టాను. అయితే ఆ పాతకాలపు యూరప్ బరోక్ సంగీతం పద్ధతే అంత. అడుగున చెల్లో తన లావు గొంతుతో ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తుంటే, పైన వయొలిన్లు దాన్ని పట్టుకుని అల్లుకుంటూ పోతాయి. అడుగు కదిలిందా, పైవాళ్లు గల్లంతే.

నీకు కోపమొచ్చిందని మొన్న ఇంకో చెల్లో ఆయన్ని పిలిచాం. బ్యాంకులో పనిచేస్తాడు, వేళ్లన్నీ చక్కగా ఆడతాయి. అక్కడే వచ్చింది చిక్కు. కాసేపటికే విసుగొచ్చి, ఉత్త తీగ మీద వేలు పెట్టి సొంత హంగులు మొదలెట్టాడు. వయొలిన్లు రెండూ చెరో దారి పట్టాయి. మన వయొలిన్ టీచరమ్మ కమాను కింద పెట్టి, "ఈయన చెయ్యి ఊరుకోదు. మీ బావగారు వచ్చాకే నన్ను పిలవండి" అని వెళ్లిపోయింది.

ఆ కాగితాలే మళ్లీ పంపుతున్నాను. ఒక్క స్వరం మార్చలేదు. నీ చెల్లోని అక్క శ్రుతి చేస్తుంది, తన చెవి నా చెవికంటే నయం. జాలే అయితే నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి వినమనేవాణ్ణి. ఆదివారం వచ్చెయ్. ఈ సంగీతానికి ఎడమ చెయ్యే అడ్డమని మాకు మొన్ననే తెలిసింది.

నీ బావమరిది