ఎడమచేతి వాటం

జనవరి 8

నూట యాభై ఫారాలు జిరాక్స్ తీయించాను. ఒక్కోదానిలో నలభై రెండు ప్రశ్నలు. ఇవన్నీ ఎవరు నింపుతారని షాపతను అడిగాడు. బట్టల ఫ్యాక్టరీలో మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్లన్నాను. వాళ్లకంత తీరిక ఉంటుందా అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. మా గైడ్ మేడమ్ నా టాపిక్ ఓకే చేసిన రోజు కూడా ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

జనవరి 11, సాయంత్రం 5.40

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా, సైకిల్ స్టాండ్ గోడ మీద కూర్చుని రాస్తున్నాను. ఐదున్నరకి షిఫ్టు వదిలారు. ఐదూ ముప్ఫయ్యారుకల్లా రోడ్డు ఖాళీ. మూడు వందల మంది నా ముందు నుంచి పరుగెత్తారు. కంపెనీ బస్సులో సీటు దొరక్కపోతే గంటసేపు నిలబడాలట. పొద్దున్నుంచీ కూర్చునే ఉంటారు కదా, నిలబడితే ఏమవుతుందని మొదట అనుకున్నాను. వాళ్ల పాదాల వాపులు చూశాక సిగ్గేసింది.

ఒకామె ఫారం తీసుకుంది. లోన్ కోసమా అని అడిగింది. కాదు, నా చదువు కోసమన్నాను. మర్యాదగానే తిరిగిచ్చేసింది.

జనవరి 12

ఒక ఫారం. అందులోనూ పదకొండు ప్రశ్నలే. బస్సు కదిలిపోయింది.

జనవరి 19

డ్రైవర్ జాలిపడి నన్ను కూడా బస్సెక్కనిస్తున్నాడు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ప్యాడ్ పట్టుకుని, ప్రశ్నలు గట్టిగా చదువుతున్నాను. గుంతలు వచ్చినప్పుడల్లా టిక్కు పక్క గడిలో పడుతోంది. మొత్తం ఇరవై రెండు.

పదిహేడో ప్రశ్న నా ప్రాణం తీస్తోంది. పని ఒత్తిడి మీ మానసిక స్థితిపై చూపే ప్రభావాన్ని ఒకటి నుంచి ఐదు వరకు సూచించండి. అందరూ మూడు అంటున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఐదింటిలో నీకేది పనికొస్తే అది వేసుకో తల్లీ అంది.

అక్కా బావా వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్నానని బావకి నా మీద జోకులేసే హక్కు వచ్చింది. ఇవాళ నేను ఒళ్లు హూనమై వచ్చేసరికి, ఈ ఇంటి టీ మీద మీ సంతృప్తి ఒకటి నుంచి ఐదు వరకు సూచించండి అన్నాడు. వంటింట్లోంచి అక్క సున్నా అంది. టీ పెట్టింది బావే.

జనవరి 28

మా క్లాసు టాపర్ తన అరవై ఫారాలూ క్యాంటీన్లో కూర్చుని రెండు గంటల్లో నింపేశాడు. నా కళ్ల ముందే. మూడు రకాల పెన్నులు పెట్టుకున్నాడు. కొన్ని ఖాళీలు కూడా వదలాలట, అప్పుడే సహజంగా ఉంటుందట. నావీ నింపిపెడతానన్నాడు. వద్దన్నాను. గొప్ప కోసం కాదు. ఆ పదిహేడో ప్రశ్నకి నేనైతే ఏం పెట్టాలో నిజంగా తోచలేదు.

ఫిబ్రవరి 5

ఫ్యాక్టరీ హెచ్.ఆర్. ఆయన చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే చివరికి పర్మిషన్ ఇచ్చాడు. భోజనాల హాల్లో రోజుకి అరగంట. షరతు ఒకటే, చివర్లో రెండు పేజీల సమ్మరీ ఆయనకివ్వాలి. మేడమ్‌కి చెబితే, తప్పేముంది, ఇవ్వు అన్నారు.

అరగంటా ఆయన మూల టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. అందరికీ అంతా బాగుంది. నీళ్లు బాగున్నాయి, గాలి బాగుంది, సూపర్‌వైజర్లు బంగారం. ఒకామె నేను ప్రశ్న పూర్తిచేయకముందే బాగుంది అంది.

పళ్లెం కడుక్కోవడానికి వెళుతూ ఇంకొకామె నా పక్కన ఒక్క క్షణం ఆగింది. ఇక్కడడిగితే ఇంతే, ఆదివారం మా ఇంటికి రా అని అడ్రస్ చెప్పి వెళ్లిపోయింది. కాలర్లు కుడుతుందట. అందరూ ఆమెని కాలరక్క అంటారట.

ఫిబ్రవరి 10

కాలరక్క ఇంటి నుంచి ఇప్పుడే వచ్చాను. చెయ్యి నొప్పిగా ఉన్నా ఇది రాయాలి.

ఒకే గది. కిటికీ కింద మిషన్. చెల్లెలు, ఆమె ఉంటారు. చెల్లెలికి నేను రావడం ఇష్టం లేదు. నేనున్నంతసేపూ గిన్నెలు చప్పుడు చేస్తూ సర్దుతూనే ఉంది. రికార్డర్ ఆన్ చెయ్యనా అని అడిగితే కాలరక్క దాని వంక చూసి, పేరు రాయవుగా అంది. రాయనన్నాను. కన్సెంట్ ఫారం చదివి వినిపించాను. సంతకం పెట్టింది.

మొదటి పది నిమిషాలు ఆమెకీ అంతా బాగుంది. తర్వాత ప్రశ్నలు పక్కన పెట్టి, నువ్వు పొద్దున లేచాక నీళ్లు ఎన్నిసార్లు తాగుతావ్ అని నన్నే అడిగింది. లెక్కపెట్టలేదన్నాను. తను లెక్కపెడుతుందట. సాయంత్రం షిఫ్టు వదిలేదాకా ఒక్కటంటే ఒక్క గ్లాసు. ఎందుకంటే లైనులో నలభై మందికి బాత్‌రూమ్ టోకెన్ ఒకటే. అది పట్టుకుని వెళితే సూపర్‌వైజర్ టైము రాస్తుంది. ఐదు నిమిషాలు దాటితే మైకులో పిలుస్తారు. పేరు పెట్టి. ఒకసారి కొత్తగా చేరిన పిల్లని అలా పిలిస్తే మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదట. కాలరక్కకి కిడ్నీలో రాళ్లు. డాక్టర్ నీళ్లు బాగా తాగమన్నాడని చెప్పి ఆమె నవ్వింది. చెల్లెలి గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పదకొండేళ్లుగా కాలర్లే. మిషన్లు కుడిచేతివాళ్ల కోసం చేసినవి, ఈమెది ఎడమచేతి వాటం. ఎలా కుడుతుందో చేసి చూపించింది. ఎడమ బొటనవేలితో కాలర్ మొనని లోపలికి తిప్పి తోస్తే అది సూదిలా నిలబడింది. ఆ పని చూస్తూ ప్రశ్నలు మర్చిపోయాను. రెండు గంటల పది నిమిషాల రికార్డింగ్.

వచ్చేటప్పుడు నా వాటర్ బాటిల్ నింపి ఇచ్చింది.

ఫిబ్రవరి 16

ట్రాన్‌స్క్రిప్షన్. ఒక గంట మాటకి ఆరు గంటల రాత. మెడ పట్టేసింది.

ఫిబ్రవరి 25

సమ్మరీ చూసి మేడమ్ మొదటిసారి మెచ్చుకున్నారు. కాలరక్క గురించి రాసిన పేరా కింద గీత గీసి, డీటెయిల్ అంటే ఇది అన్నారు. అందులో పేరు లేదు, వయసు లేదు, ఊరు లేదు. ఎడమచేతి వాటం ఉన్న ఒక కాలర్ వర్కర్ అని రాశాను. బాత్‌రూమ్ టోకెన్ గురించి ఆమె చెప్పినదంతా ఉంది. ఈ మధ్య మనసు ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. సాయంత్రమే హెచ్.ఆర్. ఆయనకి మెయిల్ చేశాను.

మార్చి 6

భోజనాల హాలుకి వెళ్లాను. నేను కూర్చున్న టేబుల్ దగ్గరికి ఎవరూ రాలేదు.

మార్చి 7

బస్సు డ్రైవర్ చెప్పాడు. కాలరక్కని కాలర్ మిషన్ మీంచి తీసి దారాలు కత్తిరించే సెక్షన్లో వేశారట. రోజంతా నిలబడే పని, కొత్తగా చేరినవాళ్లు చేసేది. టోకెన్లు మాత్రం అలాగే ఉన్నాయి. నువ్వు కూడా ఇక బస్సెక్కకమ్మా, నాకు మాటొస్తుంది అన్నాడు.

మూడు వందల మందిలో ఎడమచేత్తో కాలర్ కుట్టేది ఒక్కతే.

మార్చి 10

ఆమె ఇంటికి వెళ్లాను. చెల్లెలు తలుపు సగం తీసి, లేదు అని మూసేసింది. లోపల మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. మళ్లీ తలుపు కొట్టడానికి మొహం చెల్లలేదు.

మార్చి 11

అక్కకి చెప్పాను. కావాలని చేశావా ఏమిటి అంది. కావాలని చెయ్యలేదు. బాగా రాయాలని చేశాను. అదే తేడా అయితే ఆ తేడా ఆమెకేం పనికొస్తుంది.

మార్చి 14

ఇవాళ కలిసింది. కంపెనీ బస్సు వదిలేసి మామూలు బస్టాపుకి నడిచి వచ్చింది, నన్ను చూసే. సారీ చెప్పాలని వారం రోజులుగా మాటలు కూర్చుకున్నాను. తీరా చూస్తే, కూర్చోమని బెంచీ మీంచి నా సంచి తీశానంతే.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చీలమండలు వాచి ఉన్నాయి, ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద నిలబడుతోంది. బస్సు వచ్చేముందు ఒకే మాట అంది.

"మీరు నా పేరు రాయలేదు, నిజమే. కానీ నా చెయ్యి రాశారు."

ఇన్నాళ్లూ నన్ను నువ్వు అనేది.

మార్చి 15

మేడమ్ ఆ ఇంటర్వ్యూ తీసెయ్యమన్నారు. సమ్మరీ కూడా వెనక్కి తీసుకుంటే సరిపోతుందన్నారు. వెనక్కి తీసుకుంటే ఆయన చదివింది చదవనిదవుతుందా మేడమ్ అని అడిగాను. ఆవిడ చాలాసేపు బల్ల మీది పిన్నులు ఏరి డబ్బాలో వేశారు. చూసింది నేను కూడా కదా, గీత గీసింది నేనే కదా అన్నారు. ఆ మాటకి ఆవిడ మీద కోపం పోయింది. ఉపాయం మాత్రం దొరకలేదు.

మార్చి 16

ఫ్యాక్టరీకి ఫిర్యాదు రాద్దామా. రాస్తే ఎవరు చెప్పారని అడుగుతారు. పేపర్‌వాళ్లకి చెబుదామా. వాళ్లూ అదే అడుగుతారు. ఎటు తిప్పినా ఆమె దగ్గరికే వచ్చి ఆగుతోంది.

మార్చి 18, ఉదయం 7.00

రికార్డింగ్ డిలీట్ చేశాను. ఫోన్లోంచి, లాప్‌టాప్‌లోంచి, డ్రైవ్‌లోంచి. కన్సెంట్ ఫారం చింపేశాను. ట్రాన్‌స్క్రిప్ట్ కూడా.

మార్చి 18, మధ్యాహ్నం

హెచ్.ఆర్. ఆయన గదిలో ఏసీ చప్పుడు చేస్తోంది. ఆయన టేబుల్ మీద లెటర్ పెట్టాను. ఎడమచేతి వర్కర్ అనే మనిషి లేదని, పుస్తకాల్లో, నెట్‌లో చదివినవి కలిపి నేనే కల్పించానని, మీ వర్కర్లెవరూ నాతో ఇలాంటి మాట చెప్పలేదని రాశాను. సంతకం పెట్టాను.

రెండుసార్లు చదివాడు. మరి మా దగ్గర అలాంటి ఆవిడ ఉంది కదా అన్నాడు. హాల్లో అన్నం తింటుంటే చూశాను, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటోంది, రాయడానికి బాగుంటుందని వాడుకున్నాను అన్నాను. అబద్ధం ఇంత గడగడా వస్తుందని తెలియదు. నలభై రెండు ప్రశ్నలు అడగడానికి రెండు నెలలు నత్తినత్తిగా నలిగిన నోరే ఇది.

ఆయన నవ్వాడు. మా కంపెనీ మీద లేనిపోనివి రాశావు కాబట్టి మీ యూనివర్సిటీకి తెలియజెయ్యాలి కదా అన్నాడు. తెలియజెయ్యండి సార్ అన్నాను.

మార్చి 20

టాపర్ ఫారాలన్నీ అప్రూవ్ అయ్యాయి.

మార్చి 28

కమిటీ. ముగ్గురు ప్రొఫెసర్లు, మేడమ్, నేను. ఇంటర్వ్యూ జరిగి ఉంటే రికార్డింగ్ చూపించు, నీ మీద ఏమీ ఉండదు అన్నారు. లేదన్నాను. జరగలేదా అన్నారు. జరగలేదన్నాను. డేటా కల్పించినందుకు ప్రాజెక్టు రద్దు. ఒక సెమిస్టర్ వెనక్కి. మళ్లీ కొత్త టాపిక్, కొత్త ఫారాలు. కల్పించడం ఎంత నేరమో పెద్దాయన పావుగంట చెప్పారు. నిజమే చెప్పారు. తల దించుకుని విన్నాను.

బయటికొచ్చాక మేడమ్ కారిడార్ చివర ఆపారు. ట్రాన్‌స్క్రిప్ట్ ముప్ఫై పేజీలు నేను చదివాను, మర్చిపోయావా అన్నారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడిచారు.

"లోపల నోరు విప్పాలనుకున్నాను. విప్పితే నువ్వు చేసింది చెడిపోతుందని ఊరుకున్నాను. సరిగ్గానే చేశానా?"

తెలియదు మేడమ్ అన్నాను.

అక్క ఇవాళ నా దుప్పటి ఉతికి ఆరేసింది. బావ జోకు వెయ్యలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఏప్రిల్ 9

కాలరక్క ఫోన్ చేసింది. నిన్నటి నుంచి మళ్లీ కాలర్ మిషన్ మీద. నీ లెటర్ వల్లేం కాదు, అంత సంబరపడకు అంది. పెద్ద ఆర్డర్ వచ్చిందట, కొత్తామె కుట్టిన కాలర్లన్నీ రిజెక్ట్ అయ్యాయట. హెచ్.ఆర్. ఆయనే దిక్కులేక పిలిచాడంది. టోకెన్ సంగతి అడిగాను. అదే టోకెన్ అంది. లెటర్ సంగతి ఫ్లోరంతా తెలుసట. చెల్లెలు కూడా ఇప్పుడు నన్ను తిట్టడం లేదట.

అయితే నేను చేసింది దేనికీ పనికిరాలేదు. చదువు ఆర్నెల్లు వెనక్కి పోయింది. ఆమె నన్ను నువ్వు అంది. ఫోన్ పెట్టేశాక గానీ గమనించలేదు.

ఏప్రిల్ 11

నిద్రపోయాను. పగలంతా.

ఏప్రిల్ 18

తెలియని నంబర్. ఆడమనిషి. పేరు చెప్పలేదు, ఇస్త్రీ సెక్షన్ అంది. అన్నీ కల్పించి రాశానని సంతకం పెట్టిన అమ్మాయివి నువ్వేనా అని అడిగింది. నేనే అన్నాను.

"అయితే ఆదివారం రా. నలుగురం ఉన్నాం. చెప్తాం, కల్పించుకో."