మొదటి గిన్నె

అమ్మా,

ఇవాళ నీ తద్దినం. పొద్దున్నే గుడిలో పెట్టి వచ్చాను.

"ఆ జపాను పిల్లకి మన ఆచారాలేం తెలుస్తాయిరా? రేపు నన్ను తలుచుకునే దిక్కెవరు?" అన్నావు, నా పెళ్లప్పుడు. ఇప్పుడు చూడు నీ కోడల్ని.

పోయినేడు తద్దినమంటే ఏమిటో చెబితే, యుకో వచ్చీరాని తెలుగులో అడిగింది. "ఒక్క రోజేనా? మిగతా రోజులు అత్తయ్యకి ఆకలి వెయ్యదా?"

మర్నాడే సింగపూర్‌లోని మా ఆంగ్ మో కియో ఫ్లాట్‌లో వాళ్ల బామ్మ ఫొటో పక్కన నీ ఫొటో పెట్టింది. రోజూ కుక్కర్ తెరవగానే మొదటి అన్నం మీ ఇద్దరి గిన్నెల్లోకే. తర్వాతే మాకు.

మంచి కబురైనా వాళ్లింట్లో ముందు పెద్దలకే చెప్పాలట. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరంతో వచ్చిన వైటూకే పని గట్టెక్కించినందుకు ఇవాళ ఆఫీసులో నన్ను టీమ్ లీడర్ని చేశారు. గుమ్మంలోనే చెప్పబోతే యుకో ఆపింది.

"ముందు అత్తయ్యకి!"

నీ ముందు చిన్న గంట మోగించి చెప్పాను. నీ మనవరాలు మీనాకి ఓపిక లేదు, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి అరిచింది. "నానమ్మ విన్నది లా! ఇప్పుడు మాకు చెప్పు నాన్నా!"

ఇద్దరికీ ఒకేలా వడ్డిస్తుందమ్మా యుకో. ఆవకాయ ముక్క మాత్రం నీ గిన్నెలోనే వేస్తుంది. వాళ్ల బామ్మకి కారం పడదట.