బండమీది సిగ్నలు

మండల తహశీల్దారు గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరి బండమీద ఆడవాళ్లు సెల్లు వాడుకొనుటకు రక్షణ కోరుట గురించి.

పలమనేరు దగ్గర నల్లబండపల్లె కాపురస్తురాలు, రెండు ఆవులు మేపుకొని జీవించు ప్రసన్నకుమారి విన్నవించుకొనునది.

1. మా ఊళ్లో ఇళ్లవద్ద నెట్టు రాదు. ఊరి వెనక బండ ఎక్కితేనే వస్తుంది. ఆ బండమీద పొద్దస్తమానం మగవాళ్లు పేకాడుకుంటూ, క్రికెట్ చూసుకుంటూ ఉంటారు. మేము ఎక్కితే "ఆడోళ్లకు ఈడేం పనిమ్మే?" అంటారు.

2. నా కూతురు లోహిత నర్సింగ్ సీటుకు దరఖాస్తు చేసినది. కాలేజీలను ఆన్‌లైనులో ఎంచుకొనుటకు ఈ సాయంత్రం ఐదింటితో గడువు సరి. మొన్న ఆ పనిమీదే బండ ఎక్కితే, ఆటో గిరిప్రసాద్ వీడియో తీసి, "చదువంట! ఎవురికి ఫోనో సూడండప్పా" అని ఊరి వాట్సప్ గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో ఆడవాళ్లం ఒక్కరమూ లేము. ఊరంతా చూసి నవ్వాక మాకు తెలిసింది.

3. అప్పటినుండి మా మామ దొరస్వామి గారు పిల్లను గడప దాటనీయడం లేదు. పలమనేరు నెట్ సెంటరుకు పోదామంటే ఊరికున్న ఒక్క ఆటో గిరిప్రసాద్‌దే. నిన్న అతడే మా వాకిట్లోకి వచ్చి, "పాసువర్డు నాకియ్యి పాపా, నేను పెడతా" అన్నాడు. పోయిన ఏడు ఎదురింటి హేమశ్రీకి ఇట్లాగే పెట్టిచ్చాడు. ఆ బిడ్డ తిరుపతి కాలేజీ అడిగితే తిరుపతి పేరే తీసేసి, "ఆడబిడ్డకు అంత దూరం ఎందుకుమ్మే, నీ మంచికే" అన్నాడు. హేమశ్రీ ఇప్పుడు మండీలో టమోటాలు ఏరుతోంది. అయ్యా, వాడి చేతికి నా బిడ్డ పాసువర్డు ఇవ్వను. చచ్చినా ఇవ్వను. మాట మీరితే క్షమించగలరు.

కావున తమరు దయయుంచి ఐదింటిలోపల ఒక మహిళా కానిస్టేబులును బండవద్దకు పంపించవలెననియు, పిమ్మట మా ఇళ్లవద్దకు సిగ్నలు వచ్చు ఏర్పాటు చేయించవలెననియు ప్రార్థించుచున్నాను. గడువు దాటకమునుపే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ప్రసన్నకుమారి

తా.క.: ఈ అర్జీ తమరి ఆఫీసు వాట్సప్‌కు పంపాలన్నా బండే ఎక్కాలి. మామ ఆవులను తోలుకొని అటు పోగానే పిల్లను తీసుకొని ఎక్కేశాను. గిరిప్రసాద్ పేకముక్కలు కింద పెట్టి మా వైపే వస్తున్నాడు. మాకున్నది ఒక్క ఫోను. ఇది పంపి లోహిత చేతికి ఇచ్చేస్తాను. అది కాలేజీలు పెట్టేదాకా వాడికి అడ్డంగా నేను నిలబడతాను. తమరు ఫోను మాత్రం చేయవద్దు, చేస్తే నెట్టు కట్టయిపోతుంది. మనిషిని పంపండి.