పూజగూటి కింద దాచిన నీళ్లు

భవానీపురం

అక్కయ్యకు,

నీ చెల్లెలు నాగమణి నమస్కారాలు. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. బావగారి మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మగ్గం గుంటలో అదే పనిగా కూర్చోవద్దని చెప్పు. అమ్మవారి దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం, దిగులు పడకు. ఫోనులో నీకు సరిగా వినపడదు. పైగా ఈ రెండు గదుల ఇంట్లో నేనేం మాట్లాడినా కోడలి చెవిన పడుతుంది. అందుకే రాస్తున్నాను.

పెడన వదిలి నాలుగు నెలలైంది. మా అబ్బాయి రాము పొద్దున్నే ఇబ్రహీంపట్నం పనికి వెళితే చీకటి పడ్డాకే రావడం. కోడలు లావణ్యకు ఏడో నెల. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మగ్గం చప్పుడు లేని ఇంట్లో పగలు ఎంతకీ గడవదు. ఎవరు తలుపు కొట్టినా ఎందుకొచ్చారో అని భయం.

ప్రతి శుక్రవారం ఒక నర్సమ్మ వస్తుంది. ఎందరున్నారు, ఎవరికైనా జ్వరమా, డ్రమ్ము ఎప్పుడు కడిగారు అని అడిగి ఫోనులో ఎక్కించుకుంటుంది. టార్చి వేసి డ్రమ్ములోకి చూస్తుంది, ఫొటో తీస్తుంది. మన నీళ్లతో ఆమెకేం పని? ఇంటి ఓనరు గారి భార్య కూడా నాతో అంది: "ఫొటోలు దేనికో మీకు తెలీదండీ. రేపు రేషన్ కార్డు తీసేస్తే అప్పుడు తెలుస్తుంది."

"వారానికోసారి ఇంట్లో నిలవ నీళ్లన్నీ పారబోయాలమ్మా, దోమలు పెరుగుతాయి" అంటుంది నర్సమ్మ. శుక్రవారం లక్ష్మీదేవి రోజు కదా, నిండుగా ఉన్నదాన్ని వట్టిది చేయడానికి నాకు చేతులు రాలేదు. డ్రమ్మైతే లావణ్య ఒంపేసేది. పూజకని ఘాటు నుంచి రాము తెచ్చిన కృష్ణ నీళ్లు మాత్రం అమ్మ ఇత్తడి గంగాళంలో ఉన్నాయి. దాన్ని పూజగూటి కింద తెర వెనక పెట్టాను. తగ్గినప్పుడల్లా ఉన్నవాటిలోనే కొత్తవి కలిపేదాన్ని. నర్సమ్మ అడిగితే "అలాగేనమ్మా" అని ఊరుకునేదాన్ని.

ఇంతలో లావణ్యకు జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది, కళ్ల వెనక నొప్పంటోంది. నేను మొదట సందు చివర నూడుల్స్ బండిని అనుమానించాను. తర్వాత నర్సమ్మ ఇచ్చిన రక్తం మాత్రల్ని. "ఆవిడ ఏం మాత్రలిస్తోందో ఏమో, మానెయ్యమ్మా" అని నేనే మాన్పించాను. అదృష్టం బాగుండి మూడో రోజు శుక్రవారమైంది. నర్సమ్మ లావణ్య చెయ్యి పట్టుకు చూసి, కూర్చోకుండానే ఆటో పిలిచింది. ఆసుపత్రిలో డెంగీ అన్నారు. ఆరు రోజులు అక్కడే ఉన్నాం. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని నేను మొక్కని దేవుడు లేడు.

ఇంటికొచ్చిన మర్నాడు నర్సమ్మ మళ్లీ వచ్చింది. చుట్టుపక్కల ఇళ్లన్నీ చూసిందట, ఎక్కడా దోమ పురుగు లేదట. "పిన్నిగారూ, మీ ఇంట్లో ఇంకెక్కడైనా నీళ్లున్నాయా?" అని మెల్లిగా అడిగింది. లేవన్నాను. దేవుడి ఎదుట నిలబడి అన్నాను అక్కయ్యా. ఆ మాట నా నోటిలోనే చేదైపోయింది. తెర తీసేశాను. టార్చి వెలుగులో తెగిన పోగుల్లాంటివి కిందికీ పైకీ మెలికలు తిరుగుతున్నాయి.

శుక్రవారం వట్టిది చేయలేక దాచానని చెప్పాను, కోప్పడుతుందనుకున్నాను. "శుక్రవారం వద్దనుకుంటే గురువారం కడుక్కోండి, నాకేం? ముందే చెప్పొచ్చుగా పిన్నిగారూ" అంది. ఇద్దరం మోసుకెళ్లి ఎండిన నేల మీద ఒంపాం. గుడ్లు అంచుకు అంటుకుంటాయని చింతపండుతో తోమించింది. లావణ్య నిద్రలో ఉంది. అది లేచాక కూడా నర్సమ్మ ఈ సంగతి దానికి చెప్పలేదు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. రక్తం ఇంకా తక్కువగా ఉందని నర్సమ్మ మళ్లీ మాత్రలిస్తే లావణ్య తీసుకోలేదు. "మీరే అన్నారుగా అత్తయ్యా, ఆవిడ మాత్రల వల్లే ఇదంతా. ఇంకోసారి ఆవిణ్ణి గడప తొక్కనివ్వను" అంది. నేను నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది. ఈ పిల్లకు రక్తం పట్టదు, కాన్పు నాటికి ఏమవుతుందో తెలియదు. రెండు రోజులు తిండి సయించలేదు. నిన్న దగ్గర కూర్చోబెట్టుకుని గంగాళం సంగతంతా చెప్పేశాను.

అంతా విని "ఆ మాత్రలిటివ్వండి" అంది. అట్ట మీద పేరు రెండుసార్లు చదువుకుని మింగింది. రేపు నర్సమ్మను తనే పిలుస్తానంది. అప్పటి నుంచి నేనేది అందించినా ఒకసారి పరికించి చూసి గాని తీసుకోవడం లేదు. ఈ పూట మంచినీళ్ల గ్లాసిస్తే వెలుగులోకి ఎత్తి చూసి తాగింది. చూడనీ అక్కయ్యా. నాకు కష్టంగానే ఉంది, అయినా తాగింది, అది చాలు.

రాముకు ఈ సంగతి తెలియదు, నువ్వూ అనకు. పొత్తిళ్లకు మెత్తబడ్డ నూలు చీరలు రెండు పంపించు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. కాన్పు సుఖంగా కావాలని పెద్దదానివి నువ్వు మా కోడలిని మనసారా దీవించు.

నీ చెల్లెలు,
నాగమణి